అల్లరికి ఫలము

అతిథి గుమ్మము త్రొక్కిన చాలును, మా పెంపుడు కుక్క మీదికి దుమికెడిది. గద్దించితిమి, గొలుసు వేసితిమి, అల్లరి ఇనుమడించినది. ఇక ఎవరికైన ఇచ్చివేయుదమనుకొంటిమి. అప్పుడు ఉపాధ్యాయ శిక్షణలో బోధించెడి థార్న్‌డైక్ ‘ఫలిత నియమము’ స్మృతికి వచ్చినది. తృప్తినిచ్చిన చేష్టనే ప్రాణి మరల చేయునని ఆయన 1911లో వ్రాసెను. మా గద్దింపే దానికి ఆదరముగా తోచినది కాబోలు!

నాటినుండి అది దుమికినపుడు మొగము త్రిప్పుకొంటిమి. నాలుగు కాళ్లు నేల నానిన తక్షణము వీపు నిమిరితిమి. ఉదయము, సాయంకాలము దారిలో వాసన చూచుచు తీరికగా నడువనిచ్చితిమి. నెలనాళ్లకు గుమ్మమున కూర్చుండి తోక ఆడించుట నేర్చినది.

ఉపాధ్యాయ మిత్రులారా! తరగతిలో అల్లరివానిని గద్దించుటకే పేరెత్తి పిలిచెడి మనము, వాడు కుదురుగా కూర్చున్న క్షణమున ఎన్నడైన పలుకరించితిమా?