పాచికలతో తీరని జ్వరం

సెలవులకు వరంగల్ వచ్చిన మా సంఘ యౌవనస్థులు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట ఆడుచుండగా మేమును ప్రక్కన కూర్చున్నాము. 1974లో అమెరికాలో పుట్టిన ఆట. 2003 నాటి నియమాల ప్రకారం, 'ఘూల్' అనే పిశాచి కరిస్తే జ్వరం సోకును. ఆ జ్వరంతో చచ్చినవాడు అర్ధరాత్రి తానూ పిశాచియై లేచును. ఇరవై ముఖాల పాచిక బాగా పడితే బ్రతుకును.

దయ్యాల ఆట అని గద్దించబోయాము. అంతలో మన పల్లెలు జ్ఞాపకమొచ్చినవి. కుక్క కరిచినవాడు కొన్ని వారాలకు నీళ్ళు చూచి బెదిరితే, గాలి సోకిందని భూతవైద్యుని కొరకు పరుగెత్తుతారు. అది రేబిస్. ఆ లక్షణాలు కనబడిన తరువాత దాదాపు ఎవరూ బ్రతకరు. అక్కడ పాచిక లేదు.

కరచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా నీళ్ళు పోస్తూ 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం పెట్టవద్దు. ఆ రోజే ప్రభుత్వాసుపత్రిలో టీకా వేయించండి. ప్రార్థన బస్సులోనూ చేయవచ్చు. మిగిలిన మోతాదుల తేదీలు మరువవద్దు.