పప్పీని చూసి కాదు, దాని తల్లిని చూసి తెచ్చుకోండి

ఇంట్లోకి కుక్కపిల్లను తెచ్చుకోవాలి అనుకునేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. నంద్యాల, ఆళ్లగడ్డ, మహానంది వైపు ఉండే మనకు ఏదైనా బ్రీడ్ పప్పీ కావాలంటే ముందు గుర్తొచ్చేది ఫోనే. ఇన్‌స్టాలో రీల్ చూస్తాం, వాట్సాప్‌లో రేటు మాట్లాడతాం, అడ్వాన్స్ కొట్టేస్తాం. ఏ హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో పప్పీ వస్తుంది. ఒక్కోసారి అదీ రాదు, నంబర్ బ్లాక్ అవుతుంది.

డబ్బులు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. అసలు భయపడాల్సింది పార్వోకి. ఇది కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే వైరస్. ఒంట్లోకి చేరాక లక్షణాలు కనబడటానికి మామూలుగా 3 నుంచి 7 రోజులు పడుతుంది. అంటే వీడియోలో గంతులేసిన పిల్ల, మీ ఇంటికొచ్చిన నాలుగో రోజుకి తిండి మానేసి, వాంతులు, నెత్తుటి విరేచనాలతో పడిపోవచ్చు. అమ్మినాయన మాత్రం "మా దగ్గర బాగానే ఉండె కదా" అంటాడు. అందుకే పప్పీ యాక్టివ్‌గా ఉంది కదా అని నమ్మొద్దు.

మరి ఏం చూడాలి? తల్లిని చూడాలి. "అన్నా, తల్లి దగ్గర పిల్లల్ని చూసి తీసుకుంటా" అని అడగండి. నిజంగా ఇంట్లో పెంచేవాళ్లు రమ్మంటారు. మధ్యలో అమ్మేవాళ్లయితే మాట దాటేస్తారు. తల్లి బక్కచిక్కి, గజ్జితో ఉందంటే పిల్లల పరిస్థితి కూడా మీకే అర్థమవుతుంది.

రెండోది వయసు. చట్టం ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. కుక్కల బ్రీడింగ్, అమ్మకాలపై 2017లో కేంద్రం రూల్స్ తెచ్చింది. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అవ్వాలి. ఒక తల్లి చేత జీవితంలో 5 ఈతలకు మించి ఈనించకూడదు. కాబట్టి రిజిస్ట్రేషన్, టీకా కార్డు రెండూ అడగండి. "చిన్నప్పుడే తీసుకుంటే బాగా మాలిమి అవుతుంది" అని నెల పిల్లను అంటగట్టాలని చూస్తే వద్దనేయండి. తల్లి దగ్గర, తోటి పిల్లల దగ్గర ఉన్నప్పుడే అది గట్టిగా కొరకకుండా ఆడుకోవడం నేర్చుకుంటుంది.

మూడోది మన ఎండలు. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. హస్కీ మంచు దేశపు కుక్క, దాని బొచ్చు ఆ చలి కోసం. పగ్‌కి ముక్కు చిన్నది, ఎండలో ఊపిరి ఆడదు. రోజంతా ఏసీ వేయలేని ఇంట్లో వాటిని పెంచడం అంటే వాటిని బాధపెట్టడమే.

ఇక అసలు మాట. తల్లిని చూసి, డబ్బులు లేకుండా తెచ్చుకునే పిల్లలు మన వీధిలోనే ఉన్నాయి. చిత్త కార్తె గురించి మన పెద్దోళ్లు చెప్పే మాట తెలుసు కదా. అది అక్టోబర్‌లో వస్తుంది. కుక్క చూలు సుమారు 63 రోజులు. అంటే డిసెంబర్‌లో ఈనుతాయి, ఫిబ్రవరికి పిల్లలకు 8 వారాలు నిండుతాయి. మహానందిలో శివరాత్రికి జనం, బండ్లు పెరిగే రోజులూ దాదాపు అవే. అంతవరకు పిల్లను తల్లి దగ్గరే ఉంచి, తల్లికి అన్నం పెట్టండి. రెండు నెలలు నిండాక ఇంటికి తెచ్చుకోండి.

ఇంకో విషయం. అందరూ మగపిల్లనే ఎత్తుకెళ్తారు, ఆడపిల్లలు రోడ్డు మీదే మిగిలిపోతాయి. ఈనకుండా ఆపరేషన్ చేయిస్తే ఆ బెంగ ఉండదు. కాపలాకైనా, ప్రేమకైనా ఆడకుక్క ఏం తక్కువ కాదు.

ఎక్కడి నుంచి తెచ్చినా మొదట పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి. పార్వో టీకా 6 నుంచి 8 వారాల మధ్య మొదలవుతుంది, 16 వారాలు వచ్చేదాకా 3–4 వారాలకోసారి బూస్టర్లు ఉంటాయి. మూడు నెలలకు రేబిస్ టీకా. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషైనా కుక్కైనా బతకడం దాదాపు అసాధ్యం, కాబట్టి దీన్ని వాయిదా వేయొద్దు. జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు, కానీ ఆ రోజు కోసం ఆగొద్దు.

కుక్క పది పన్నెండేళ్లు మీతో ఉంటుంది. చదువుకో ఉద్యోగానికో మీరు ఊరు దాటితే దానికి అన్నం పెట్టేదెవరో ఇంట్లో మాట్లాడుకున్నాకే తెచ్చుకోండి. పప్పీ కోసం రీల్స్ చూస్తున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే అడ్వాన్స్ కొట్టేలోపే ఇది పంపించండి. ఉంటా మరి.