అపరాధ పరిశోధన నవల: పుస్తకప్రియుని బలహీనతా, బలమా?

సాహిత్య విద్యార్థిని నీకిష్టమైన నవల ఏదని అడిగితే ‘మాలపల్లి’ అనో, ‘చదువు’ అనో, ‘అసమర్థుని జీవయాత్ర’ అనో వెంటనే చెబుతాడు. రాత్రి నిద్ర పట్టనప్పుడు ఏం చదువుతావని అడిగితే మాత్రం కాస్త తటపటాయిస్తాడు. ఆ తటపటాయింపు వెనక దాక్కున్నది చాలాసార్లు డిటెక్టివ్ నవలే. సభలో ఒప్పుకోలేని ఈ ఇష్టానికి కారణమేమిటి? దాన్ని వట్టి కాలక్షేపమని తోసిపుచ్చితే సరిపోతుందా? ఈ వ్యాసంలో పరిశీలించదలచుకున్నది ఈ రెండు ప్రశ్నలనే.

డిటెక్టివ్ నవలల్లో అనేక రకాలున్నాయి. ఇక్కడ ప్రధానంగా మాట్లాడుతున్నది ఇంగ్లీషు పాఠకులు ‘కోజీ’ అని ముద్దుగా పిలుచుకునే రకం గురించి. ఒక చిన్న ఊరు, లేదా ఒక పెద్ద బంగళా. అందరికీ అందరూ తెలుసు. ఒక హత్య జరుగుతుంది, కాని రక్తపాతం మన కళ్లముందు జరగదు. నేరాన్ని ఛేదించేది తరచుగా పోలీసు అధికారి కాదు; అల్లికపని చేసుకునే ఓ ముసలమ్మో, ఓ లైబ్రేరియనో, పుస్తకాల షాపు నడిపే మనిషో. చివరి అధ్యాయంలో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి నిజం చెబుతారు. పాఠకుడు హాయిగా దీపం ఆర్పి పడుకుంటాడు.

ఈ ప్రక్రియ చరిత్ర పెద్దదేమీ కాదు. 1841లో ఎడ్గార్ ఎలన్ పో రాసిన కథతో మొదలై, 1887లో కానన్ డాయిల్ సృష్టించిన షెర్లాక్ హోమ్స్‌తో లోకమంతా వ్యాపించింది. 1920లో మొదటి నవల ప్రచురించిన అగాథా క్రిస్టీ 66 డిటెక్టివ్ నవలలు రాసింది. ఆమె సృష్టించిన మిస్ మార్పుల్ అనే వృద్ధురాలు 1930లో నవలలోకి అడుగుపెట్టింది. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే మతాచార్యుడు ఈ నవలలకు పది నియమాలు రాశాడు. నేర పరిశోధనలో దయ్యాలకూ, మానవాతీత శక్తులకూ చోటు లేదన్నది వాటిలో ఒకటి. రాసినవాడు మతాచార్యుడన్న సంగతి గమనించదగినది. ఈ నియమం దగ్గరకు మళ్లీ వద్దాం.

మనకు ఇది మద్రాసు మీదుగా వచ్చింది. తెలుగు సినిమా అక్కడ ఉన్న రోజుల్లో, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ కూడా ఆ నగరంలోనే కాపురముండేవాడు. పక్కన అసిస్టెంటు రాజు, ఎదురుగా ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు చిరిగి, మూలలు నలిగి, చివరి పేజీలు ఊడిపోయిన యుగంధర్ నవలల మీద ఒక తరం తెలుగువాళ్లు చదవడం అలవాటు చేసుకున్నారు. ఊడిపోయిన ఆ చివరి పేజీల కోసం మరో షాపు వెతుక్కుంటూ వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఇది చిన్న విషయంగా తీసిపారేయదగినది కాదు. బడి నేర్పలేని చదివే అలవాటును ఈ నవలలు నేర్పాయి.

ఇంకొక సంగతి. ‘త్వమేవాహం’ రాసిన ఆరుద్ర, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ కోసం సంవత్సరాల తరబడి శ్రమించిన ఆరుద్ర, సినిమా పాటలతో పాటు డిటెక్టివ్ నవలలు కూడా రాశాడు. పొట్టకూటి రాత అని దీన్ని పక్కకు పెట్టేవాళ్లుండవచ్చు. కాని తాళపత్రాల నుంచి కవుల కాలాలను నిర్ణయించే పరిశోధకుడి బుద్ధీ, బూడిద నుంచి నేరస్థుణ్ణి పట్టే పరిశోధకుడి బుద్ధీ ఒక్కటే. రెంటికీ కావలసింది ఆధారం, అనుమానం, తర్కం.

పుస్తకప్రియుల ఆకర్షణకు మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. డిటెక్టివ్ చేసే పని నిజానికి చదవడమే. గదిని చదువుతాడు, ముఖాలను చదువుతాడు, ఉత్తరంలో కొట్టివేసిన మాటను చదువుతాడు. మంచి పాఠకుడు కావ్యం ముందు కూర్చుని చేసే పని కూడా అదే: ఈ మాట ఇక్కడెందుకు వచ్చింది? చెప్పవలసినది చెప్పకుండా ఎందుకు వదిలేశాడు? తక్కిన నవలల్లో పాఠకుడు కథానాయకుడితో కలిసి ఏడుస్తాడు, ప్రేమిస్తాడు. ఈ నవలలో అతడితో కలిసి ఆలోచిస్తాడు. పైగా ఇక్కడ రచయితకూ పాఠకుడికీ మధ్య ఒక ఒప్పందం ఉంది. ఆధారాలన్నీ నీ ముందే పెడతాను, దాచను. పట్టుకోగలిగితే పట్టుకో అంటాడు రచయిత. పాఠకుణ్ణి సమానుడిగా చూసే ఈ మర్యాద చాలా ‘ఉదాత్త’ నవలల్లో కూడా కనబడదు.

బ్రెహ్ట్ ఈ నవలలను ఇష్టంగా చదివాడు. అవి తర్కబద్ధమైన ఆలోచనను కోరతాయని మెచ్చుకున్నాడు. గ్రాంసీ జైలులో రాసుకున్న నోట్సులో ఈ ప్రక్రియ గురించి చర్చించాడు. మార్క్సిస్టు ఆర్థికవేత్త ఎర్నెస్ట్ మాండెల్ 1984లో నేర నవలకు ఒక సామాజిక చరిత్రే రాసి, తనకు ఇవి చదవడం ఇష్టమని దాచుకోకుండా చెప్పాడు. కాబట్టి అభ్యుదయ పాఠకులు సిగ్గుపడవలసిన అవసరం లేదు.

అయితే ఇష్టపడినంత మాత్రాన విమర్శను వదిలిపెట్టరాదు. ఈ హాయి ఎవరి హాయి? కవి ఆడెన్ 1948లో రాసిన వ్యాసంలో, ఈ నవలలు తనకు పొగాకులాగా, మద్యంలాగా వ్యసనమని ఒప్పుకుని, వాటి మర్మం కూడా చెప్పాడు. అమాయకంగా కనబడే సమాజంలోకి హత్యతో పాపం ప్రవేశిస్తుంది. దోషిని ఏరివేయగానే సమాజం మళ్లీ పవిత్రమవుతుంది. అంటే దోషం ఒక్క మనిషిది, వ్యవస్థది కాదు. బంగళా ఎవరి శ్రమతో లేచింది, వీలునామాలోని ఆస్తి ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నలు అక్కడ ఉదయించవు. వంటమనిషీ తోటమాలీ సాక్ష్యం చెప్పడానికే తప్ప మనుషులుగా కనబడరు. అమెరికాలో హామెట్, చాండ్లర్‌లు నేరాన్ని ఆ బంగళాల నుంచి వీధుల్లోకి తెచ్చింది ఈ లోపాన్ని చూసే. వారిలో హామెట్ తన రాజకీయ సహచరుల పేర్లు చెప్పడానికి నిరాకరించి 1951లో జైలుకు వెళ్లినవాడు.

ఈ లోపాన్ని ఒప్పుకుంటూనే మరో తేడా గమనించాలి. 1980ల్లో మన వారపత్రికల్లో చేతబడుల నవలలు వెల్లువెత్తినప్పుడు క్షుద్ర సాహిత్యమని అభ్యుదయ విమర్శకులు పోరాడారు. ఆ కోపంలో డిటెక్టివ్ నవలను కూడా అదే గాటన కట్టినవాళ్లున్నారు. అది న్యాయం కాదు. క్షుద్ర నవల పాఠకుడితో, నీకు అర్థంకాని శక్తులున్నాయి, భయపడు అంటుంది. డిటెక్టివ్ నవల, అర్థంకానిదేదీ లేదు, ఇంకాస్త జాగ్రత్తగా చూడు అంటుంది. దయ్యం అనుకున్నది చివరికి తెల్లటి దుప్పటీ, ఒక టార్చిలైటూ అని తేలుతుంది. నాక్స్ పెట్టిన నియమం విలువ ఇదే. ఒకటి మూఢత్వానికి దారి, మరొకటి హేతువాదానికి బాలశిక్ష.

మరి మన సినిమా ఈ కథను ఏం చేసింది? 1967లో ‘అవేకళ్లు’, 1985లో వంశీ ‘అన్వేషణ’ వచ్చాయి. 1986లో మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల తీసిన ‘చంటబ్బాయ్’లో చిరంజీవి డిటెక్టివ్‌గా నవ్వించాడు. అయినా ఈ రకం కథ తెరమీద నిలదొక్కుకోవడం కష్టమే. ఎందుకంటే తెరమీద నటుల ఎంపికే రహస్యాన్ని బయటపెడుతుంది. పేరున్న నటుడు చిన్న పాత్రలో ఊరికే తిరుగుతుంటే, హంతకుడు వీడేనని నేలక్లాసు ప్రేక్షకుడు కూడా పసిగడతాడు. స్టారు హంతకుడు కాలేడు. ఆలోచించే హీరో కంటే కొట్టే హీరో మీద పెట్టుబడి త్వరగా తిరిగివస్తుంది. అందుకే ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్న ‘ఎప్పుడు కొడతాడు’ అన్న ప్రశ్నగా మారిపోతుంది. 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ ఈ ఆనవాయితీని కొంత తప్పించింది. నెల్లూరులో చిన్న ఏజెన్సీ నడుపుకునే డిటెక్టివ్, రైలుపట్టాల పక్కన దొరికే దిక్కులేని శవాల వెంటపడి వెళ్లి, మనుషుల నమ్మకాలను సొమ్ము చేసుకునే నేరం దాకా చేరతాడు. ఆ ముడి ఇక్కడ విప్పడం మర్యాద కాదు. కాని నేరం ఒక్క దుర్మార్గుడి దగ్గర ఆగకుండా సమాజంలోకి వేళ్లు తన్నిందని ఆ చిత్రం చూపగలిగింది.

ఇప్పుడు మన రచయితలకు ఒక మాట. క్రిస్టీకి ఇంగ్లీషు పల్లె ఉన్నట్టు మనకు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఉన్నాయి. బండలను పగలగొట్టి కట్టిన మేడలు, ఎత్తైన ప్రహరీలు, గేటు దగ్గర వాచ్‌మన్, ఒకరి గుట్టు ఒకరికి తెలిసిన కుటుంబాలు. మూసిన తలుపుల కథకు ఇంతకంటే అనువైన చోటు ఏముంది? కాని కొండ దిగితే కృష్ణానగర్ వస్తుంది. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, మేకప్ సహాయకులు, పేరు పడని ఘోస్టు రచయితలు ఇరుకు గదుల్లో పిలుపుకోసం ఎదురుచూసే చోటది. మేడలో ఏం జరిగిందో కళ్లారా చూసినవాళ్లు వీళ్లే. ఇంగ్లీషు నవలలో సాక్ష్యం చెప్పి పక్కకు తప్పుకున్న ఆ వంటమనిషిని మన నవలలో పరిశోధకురాలిని చేస్తే ఏమవుతుంది? పది ఇళ్లలో అంట్లు తోమే మనిషికి తెలిసినన్ని ఆధారాలు ఏ యుగంధర్‌కు తెలుసు? కథాచర్చలో తాను చెప్పిన కథకు వేరొకరి పేరు పడటం చూసిన సహాయ రచయితకు దొంగతనమంటే ఏమిటో ఇంకొకరు చెప్పాలా?

అలా రాసిన నవలలో కూడా చివరికి ముడి విప్పవలసిందే, పాఠకుడితో చేసుకున్న ఒప్పందం నిలుపుకోవలసిందే. తర్కం సడలితే సానుభూతి ఎంత ఉన్నా నవల నిలవదు. అయితే దోషిని పట్టుకున్న తరువాత కూడా పాఠకుడి మనసులో ఒక ప్రశ్న మిగలాలి: ఈ నేరం వల్ల లాభపడి, గదిలోకి పిలవబడకుండా మిగిలిపోయినవాళ్లెవరు? ఆ ప్రశ్నతో దీపం ఆర్పిన పాఠకుడికి నిద్ర కాస్త ఆలస్యంగా పట్టవచ్చు. పుస్తకప్రియుడికి అది నష్టమేమీ కాదు.