కారే కప్పు ఎవరి బాకీ?

తొలకరి పడగానే మన సంస్థకు వచ్చే అర్జీల్లో ఒకే మాట ఎక్కువగా వినబడుతుంది: "ఇల్లు కారుతోంది, ఓనరు పట్టించుకోవడం లేదు." నిరుడు ఒక సోదరి కుట్టుమిషను మీద పట్టా కప్పుకుని రెండు నెలలు పని మానుకుంది. అడిగినప్పుడల్లా ఓనరు "రేపు మేస్త్రీని పంపుతా" అనేవారు. గట్టిగా అడిగితే ఖాళీ చేయమంటారని ఆమె భయం.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. వేరే ఒప్పందం లేకపోతే, నెలవారీ అద్దెను 15 రోజుల నోటీసుతో ముగించవచ్చని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెబుతోంది. అదే చట్టం 108వ సెక్షన్‌లో అద్దెదారుకు పనికొచ్చే మాట కూడా ఉంది. యజమాని తాను చేయవలసిన మరమ్మతును, నోటీసు ఇచ్చాక తగిన గడువులో చేయకపోతే, అద్దెదారే చేయించుకుని ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. (వడ్డీ మనకొద్దు, అసలు వస్తే చాలు.) చిక్కంతా "చేయవలసిన" అన్న మాట దగ్గరే. అందుకే కప్పు, గోడలు, నీటి పైపులు, కరెంటు వైరింగు యజమాని బాధ్యతేనని ఇంట్లో దిగేటప్పుడే రాయించుకోమంటున్నాం. ఫిర్యాదు నోటిమాటగా కాక తేదీ వేసి కాగితం మీద ఇవ్వాలి. ఫొటోలు, మేస్త్రీ అంచనా, బిల్లులు దాచుకోవాలి. కోపంతో అద్దె మొత్తం ఆపేస్తే మాత్రం, న్యాయం తమవైపున్నా బాకీదారులుగా నిలబడాల్సి వస్తుంది.

షరీఅత్ మాటా ఇంచుమించు ఇదే. 19వ శతాబ్దంలో ఉస్మానియా సామ్రాజ్యం హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా కూర్చిన 'మజల్లా' 529వ అధికరణం ఇంటి మరమ్మతును యజమాని మీదే పెట్టింది. ఆయన చేయకపోతే కిరాయిదారు ఇల్లు వదిలి వెళ్లవచ్చు. లోపం చూసి కూడా ఒప్పుకుని దిగినవారికి ఆ వీలు లేదు. ఇల్లు చూసుకోవడంలో తొందర పనికిరాదన్నమాట.

దాతలు ఒక సంగతి గమనించాలి. జకాత్ పేదవాడి సొంతం కావాలి. దానితో అద్దె ఇంటికి కప్పు వేయిస్తే ఆస్తి బాగుపడేది ఓనరుది. అందుకే ఆ సోదరి విషయంలో జకాత్ ముట్టలేదు. మాలో ఇద్దరం ఓనరు గారితో కూర్చున్నాం. సదఖా నిధి నుంచి ఆమెకు అప్పుగా ఇచ్చి రేకులు మార్పించాం. ఆ ఖర్చు నాలుగు నెలల అద్దెలో మినహాయించడానికి ఆయన సంతకం చేశారు. అప్పు తిరిగి జమైంది.

మీలోనూ ఇళ్లు అద్దెకిచ్చినవారున్నారు. జకాత్ లెక్క వేసే రోజున, అద్దెకున్నవారు చెప్పిన మరమ్మతులు ఏవైనా మిగిలాయేమో కూడా చూడండి. వానలు మొదలయ్యాక మేస్త్రీలు దొరకరు, మే నెలలోనే పిలిపించండి.