అద్దకానికి అండగా సూది

బందరు, పెడనల అద్దకపు దుప్పటి ఏనాటిదైనా మీ పెట్టెలో ఉన్నదా? ఒకసారి తీసి వెలుగుకు పట్టి చూడండి. ఎరుపు నిలిచి ఉన్నా, నల్లగీతల వెంట నేత పలచబడి ఉండవచ్చును.

కారణం లేకపోలేదు. ఇనుపముక్కలు, బెల్లం నీళ్ళలో ఊరవేసి ఆ నలుపు చేస్తారు. కరక్కాయ రసం పట్టించిన బట్టమీద కొయ్య అచ్చుతో అద్దగానే అది నల్లబడుతుంది. ఆ ఇనుమే ఏళ్ళ తరబడి నూలును తినేస్తుంది. ఎరుపుకు వాడే పటికకు అంత దుడుకు లేదు.

అటువంటి చోట వెనుక మెత్తని పాత పంచె ముక్క వేసి, చిన్న కుట్లతో పట్టించండి. గీతమీద కాక, పక్కనున్న గట్టి నేతలో సూది గుచ్చాలి. దారం బిగలాగకండి.

కొత్త బట్టయితే వేడుకకే కుట్టుకోవచ్చును. ముందు విడిగా చన్నీళ్ళలో ఉతికి నీడన ఆరవేయండి. రంగుదారాన్ని తడిపి తెల్లగుడ్డకు రుద్దండి; రంగు అంటితే అది పనికిరాదు. 6 పోగుల దారంలో 2 పోగులు చాలు, పొడవు మూరెడు. తీగకు కాడకుట్టు, పువ్వు నడుమ ముడికుట్టు, అంచుకు గొలుసుకుట్టు బాగుంటాయి.

అన్ని పువ్వులూ కుట్టేయవద్దు సుమా! నాలుగు కుట్టి ఆరు వదలండి. అచ్చు వేసిన చేయి ఎవరిదో మనకు తెలియదు. దాని పనితనాన్ని కప్పేయకుండా మరికొన్నేళ్ళు నిలపడమే మన కుట్టుకు అందం.