లింకు ఎక్కడ ఆగాలి?

విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వెళ్లే రైలు రాయ్‌పూర్ చేరబోయే ముందు మందిర్ హసౌద్ స్టేషన్ వస్తుంది. ఈ ఊరి పేరును తెలుగు వికీపీడియా వ్యాసంలో లింకు చేయాలంటే [[మందిర్ హసౌద్]] అని రాస్తే చాలు. వెనకే ‘లో’ చేర్చి [[మందిర్ హసౌద్]]లో అని రాస్తే, బ్రాకెట్ల బయట ఉన్న ‘లో’ కూడా లింకులో కలిసి నీలమవుతుంది. నొక్కితే మాత్రం మందిర్ హసౌద్ పేజీకే వెళ్తాం. వికీపీడియాను నడిపే మీడియావికీలో తెలుగు కోసం ప్రత్యేకంగా ఒక నియమం ఉంది: బ్రాకెట్లు మూసిన వెంటనే తెలుగు అక్షరాలు కనిపిస్తే, అవి ఉన్నంతవరకు లింకులో కలుపుకోవాలి. ప్రత్యయాలు మాటకు అంటుకుపోయే మన భాషకు ఇది చాలా అవసరమైన ఏర్పాటు.

అయితే ఈ ఊరి పేరు పొల్లుతో ముగుస్తుంది. ‘ద్’ పక్కన ‘లో’ చేరితే ‘ద్లో’ అని వత్తు పడుతుంది. వత్తు పడకూడదనుకుంటే మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు టైపు చేయాలి. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలన్నీ ఒక వరుసలో ఉంటే, ఈ గుర్తు చోటు ఎక్కడో దూరాన ఉంది. తెలుగు వరుసను మాత్రమే గుర్తుపట్టే నియమం దాని దగ్గరే ఆగిపోతుంది. ‘లో’ లింకు బయట మిగిలిపోతుంది. గుంటూరులో, తెనాలిలో అని రాసేవాళ్లకు ఈ బాధ లేదు. రాయ్‌పూర్, మహాసముంద్, మందిర్ హసౌద్ అని రాసేవాళ్లకు అడుగడుగునా ఉంది.

బ్రాకెట్లేమీ లేకుండా మామూలు వాక్యంలోని మాటే లింకైపోవాలన్న కోరిక పాతదే. వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో ప్రారంభించిన మొదటి వికీలో రెండు మాటలను పెద్దక్షరాలతో కలిపి రాస్తే అదే లింకు. పెద్దక్షరం, చిన్నక్షరం అనే తేడా లేని తెలుగుకు ఆ దారి మొదటి నుంచీ మూసే ఉంది. ఫోన్ నంబర్లను, చిరునామాలను గుర్తుపట్టి లింకు చేసే పద్ధతిపై ఆపిల్ 1996లో పేటెంటుకు దరఖాస్తు చేసింది. 2014లో పేటెంట్ల కేసులో శాంసంగ్‌పై జ్యూరీ విధించిన సుమారు 12 కోట్ల డాలర్ల పరిహారంలో 9.87 కోట్లు ఈ ఒక్క పేటెంటుకే.

వెబ్ చిరునామా ఎక్కడ మొదలైందో ప్రోగ్రాం తేలిగ్గానే కనిపెడుతుంది, ‘హెచ్‌టీటీపీ’ కనబడితే సరి. చిక్కంతా చివరే. ఆఖరున ఉన్న చుక్క చిరునామాలోదా, వాక్యానిదా? మూసిన బ్రాకెట్ ఎవరిది? ఇలాంటి వాటికి ప్రోగ్రాములు ఏవో అంచనాలతో నెట్టుకొస్తున్నాయి. మన ‘లో’, ‘కి’, ‘నుంచి’ల దగ్గర ఆ అంచనాలేవీ పనిచేయవు.

తెలుగు వికీ పేజీ చిరునామాను కాపీ చేస్తే శాతం గుర్తులతో కొండవీటి చాంతాడంత పొడవు వస్తుంది కదా. వెబ్ చిరునామా ప్రమాణం ఇంగ్లిష్ అక్షరాలను, అంకెలను, కొన్ని గుర్తులను మాత్రమే ఒప్పుకోవడమే దానికి కారణం. ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి 3 బైట్లు, ఒక్కో బైటుకు 3 గుర్తులు. ‘మందిర్’లో మ, సున్న, ద, గుడి, ర, పొల్లు కలిపి ఆరు సంకేతాలు, అంటే 54 గుర్తులు. చూడ్డానికి వికారంగా ఉన్నా దీంతో ఒక మేలుంది. వెనక ‘లో’ అంటించినా, ఇంగ్లిష్ అక్షరాలతోనే సరిపెట్టుకునే ప్రోగ్రాం సరిగ్గా అక్కడ ఆగుతుంది. అదే చిరునామా చదవడానికి వీలుగా తెలుగులోనే ఉంటే, తెలుగును అంగీకరించే ప్రోగ్రాం ‘లో’ను కూడా మింగేసి లేని పేజీకి తీసుకెళ్తుంది. తెలుగు అక్షరం కనబడగానే ఆగిపొమ్మనీ చెప్పలేం. తెలుగు లిపిలోనే ‘.భారత్’ అనే చిరునామా ముగింపు 2011 నుంచి ఉంది.

యూనికోడ్ సంస్థ తన 58వ సాంకేతిక పత్రంలో ఈ ముగింపు సమస్యను చేపట్టింది. చుక్కలకూ బ్రాకెట్లకూ అది దారి చూపుతుంది గానీ, అక్షరానికి అంటుకున్న అక్షరాన్ని విడదీయదు. ప్రత్యయాల జాబితా ఇచ్చి తీసేయమందామంటే, పేరు చివర నిజంగానే ‘లో’ ఉన్న పేజీలూ ఉంటాయి. ఇంటర్నెట్ చిరునామాల ప్రమాణ పత్రం 2005లోనే చెప్పిన ఉపాయం మనకిప్పటికీ పనికొస్తుంది: చిరునామాకు అటూ ఇటూ ఖాళీ వదలాలి. ‘ఈ పేజీలో చూడండి’ అని ముందే రాసి, చిరునామాను కింది వరుసలో ఒంటరిగా పెడితే ఏ ప్రోగ్రామూ తడబడదు.