మేడిలో దాగిన అక్షరం

తెలుగు వర్ణమాలలో ఒకప్పుడు ఉండి, ఈనాడు ఏ బడిలోనూ నేర్పని అక్షరం ఒకటుంది. దాని రూపం ఴ. నాలుక కొనను వెనక్కి మడిచి, అంగిలికి తగిలీ తగలనట్టు పలికితే వచ్చే ధ్వని అది. తమిళులు తమ భాష పేరు పలికేటప్పుడు చివర వినిపించేది ఇదే. మనకు దొరికిన తొలి తెలుగు శాసనాలు ఆరవ శతాబ్ది చివరి కాలానివి, కడప జిల్లాలోని రేనాటి చోళులవి. ఆ కాలపు తెలుగులో ఈ అక్షరం ఉంది. పదకొండవ శతాబ్దిలో నన్నయ భారతాన్ని తెనిగించేనాటికి అది జారిపోయింది. 2014లో యూనికోడ్ దీనికి చోటిచ్చింది కనుక ఈ పుటలో అచ్చు వేయడానికి వీలయింది.

రసాయనశాస్త్రం చదివేవాడికి దీనితో పనేమిటని మిత్రులు అడగవచ్చు. పని ఉంది. మన చిత్తూరు సీమ మాట వినగానే "మీది సగం అరవం కదా" అనేవాళ్లు చాలామంది. ఉత్తర ఆర్కాటు తాలూకాలకు కడప తాలూకాలు కొన్ని చేర్చి 1911లో ఏర్పరచిన జిల్లా మనది. ఇక్కడ రెండు భాషలూ కలిసి బతికిన మాట నిజమే. కానీ రెండు భాషల్లో ఒకేలా ఉన్న మాటలన్నీ అప్పు తెచ్చుకున్నవేనా? దీన్ని తేల్చడానికి ప్రయోగశాలలో లాగానే ఒక పరీక్ష ఉంది. ఆ పరీక్షకు సాధనం ఈ పోయిన అక్షరమే.

ఒకే పదార్థం వేడిలో ఒక రకంగా, ఆమ్లంలో మరో రకంగా మారినట్టు, ఴ కూడా తానున్న చోటును బట్టి మారింది. రెండచ్చుల మధ్య ఉంటే తెలుగులో 'డ' అయింది. తమిళంలో ఏఴు, మనకు ఏడు. కోఴి, మనకు కోడి. నిఴల్, మనకు నీడ. మడక తోలేటప్పుడు మా నాయన చేత పట్టే మేడి తమిళంలో మేఴి.

ముందు హల్లుతో జతకట్టిన చోట అది 'ర' అయింది. తమిళంలో పొఴుదు, మనకు ప్రొద్దు. కీఴ్, మనకు క్రింద. విఴుంగు, మనకు మ్రింగు. తర్వాత ఆ రకారమూ జారిపోయి పొద్దు, కింద, మింగు మిగిలాయి. పల్లెలో 'పొద్దు గూకింది' అంటే అది పామరత్వం కాదు. ప్రొద్దుకు ఆ తర్వాత వచ్చిన రూపం, అంతే.

అన్నిటికన్నా విచిత్రం దుక్కి సంగతి. తమిళంలో దున్నడానికి ఉఴు అంటారు. వినడానికి పోలికే లేదు. కానీ పూర్వం తెలుగులో ధాతువు మొదటి అచ్చు, దాని తర్వాతి హల్లు తారుమారయ్యాయి. ఉరల్ రోలు అయింది, అవన్ లోని 'వ' ముందుకొచ్చి వాడు అయింది. అలాగే ఉఴు లోని ఴ పదం మొదటికొచ్చి చివరకు 'ద'గా స్థిరపడింది. దున్ను, దుక్కి ఆ ధాతువు బిడ్డలే. భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు ధాతువులపై 1961లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి మార్పుల సూత్రాలను వివరంగా నిరూపించారు.

ఇక పరీక్ష చూద్దాం. తమిళ ఴకు మన మాటలో డ, ర, ద వంటివి సూత్రం ప్రకారం వస్తే అది ఉమ్మడి తాతల ఆస్తి. ళగా ఉంటే తర్వాత తెచ్చుకున్నదని అనుమానించాలి. చోఴ అనే పేరు తెలుగు నోట చోడ అయింది, తెలుగు చోడులు అనడం అందుకే. చోళ అన్నది బయటి నుంచి వచ్చిన రూపం. అరువు మాటలు మనకూ ఉన్నాయి. ఏది అరువో, ఏది ఆస్తో తెలియకుండా అన్నిటికీ సిగ్గుపడటమే తప్పు.

వ్యాకరణంలోనూ ఇదే కథ. శాసనంలో 'రేనాణ్డు' అని ఉన్నది రేనాఁడు అయి, రేనాడు అయింది. దీర్ఘం తర్వాత సున్న అరసున్న అయి, ఆపైన మాయమైంది. హ్రస్వం తర్వాత నిలిచింది కనుకనే రెండు, పండు అంటున్నాం. ఈ 'వాఁడు' క్రియ వెనక చేరి 'వచ్చిన వాఁడు' కాస్తా వచ్చినాఁడు, వచ్చినాడు అయింది. కోస్తా వాళ్లు ఇంకా కుదించి వచ్చాడు అన్నారు. అంటే మనం క్లాసులో నోరు జారి 'వచ్చినాడు' అన్నప్పుడు వెనక బెంచీలో నవ్వినవాళ్లు తమ మాట కన్నా ఒక మెట్టు పాత రూపాన్ని చూసి నవ్వుతున్నారన్నమాట. పాతది గొప్పది, కొత్తది తక్కువ అని కాదు. రెండూ సూత్రం ప్రకారం పుట్టినవే, ఒకటి శుద్ధం, మరొకటి భ్రష్టం అనడానికి ఆధారం లేదు.

అయితే ఒక ప్రమాదం ఉంది. ట్రాక్టరుకు మేడి లేదు. మడక అటకెక్కాక మేడి, నొగ, కర్రు అనే మాటలు మా తమ్ముళ్లకు తెలియడం లేదు. రాగి రేకులు, రాతి బండలు భద్రపరచడానికి శాఖలున్నాయి. నోటి మాటకు ఏ శాఖా లేదు. సెలవులకు ఊరెళ్లే ప్రతి విద్యార్థీ ఒక నోటుపుస్తకం తీసుకుపోయి, అవ్వతాతల దగ్గర సేద్యపు మాటలు యాభై రాసుకొస్తే చాలు. తెలుగు శాఖ వారు వాటిని ఒకచోట చేరిస్తే, ఴ వంటి అక్షరాల జాడలు ఇంకెన్ని బయటపడతాయో.